సరిహద్దు ఊళ్ల అంగళ్లు: అంతర్జాల అన్వేషణలో ముందు వరుసకు రావడం ఎట్లు?

పంపుసెట్టు మోటారు కాలిపోయిన రైతు ఒకప్పుడు పొరుగు పొలం వారిని అడిగి మెకానిక్కు వద్దకు వెళ్లేవాడు. ఇప్పుడు ఆయన కుమారుడు సెల్‌ఫోను తీసి "దగ్గరలో మోటారు వైండింగు షాపు" అని పలుకుతున్నాడు. తెరపై పటంతో సహా మూడు నాలుగు అంగళ్ల పేర్లు వస్తాయి. వాటిలో ఒకదానికి ఫోను చేస్తాడు. ఆ వరుసలో లేని అంగడి ఎంత పనితనం గలదైనా ఆ పూటకు ఆ కుటుంబం దృష్టిలో లేనట్లే లెక్క.

సరిహద్దు ఊళ్ల వర్తకులకు ఈ చిక్కు మరికొంత ఎక్కువ. ముళబాగిలు అంగడికి పలమనేరు వైపు నుండి, పావగడ అంగడికి హిందూపురం వైపు నుండి, పర్లాకిమిడి అంగడికి పాతపట్నం నుండి కొనుగోలుదారులు వస్తారు. వారు వెతికే భాష వేరు, అంగడి పలకపై ఉన్న లిపి వేరు, చిరునామాలోని రాష్ట్రం వేరు. కావున ఈ జాబితా ఏ విధంగా తయారగునో, దానిలో మన అంగడి కనబడుటకు ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో తెలిసి ఉండుట అవసరం. ఇక్కడ ప్రధానంగా గూగుల్ మ్యాప్స్‌ను గురించి చెప్పుచున్నాము. మన పల్లెలలో ఎక్కువ మంది వెతుకుచున్నది అందులోనే.

మూడు కొలతలు

స్థానిక అన్వేషణలో అంగళ్ల వరుసను ప్రధానంగా మూడు విషయములను బట్టి నిర్ణయిస్తామని గూగుల్ సంస్థ తెలియజేసినది. మొదటిది సంబంధం: వెతికిన మాటకు, అంగడి ఇచ్చిన వివరములకు ఎంత పొత్తు కుదిరినది. రెండవది దూరం: వెతికే మనిషి ఉన్న చోటు నుండి, లేక ఆయన పేర్కొన్న ఊరి నుండి, అంగడి ఎంత దూరమున ఉన్నది. మూడవది ప్రసిద్ధి: ఆ అంగడిని గురించి ఎందరు రివ్యూలు వ్రాసినారు, ఎన్ని నక్షత్రములు ఇచ్చినారు, అంతర్జాలంలో ఇతర చోట్ల దాని ప్రస్తావన ఎంత ఉన్నది.

దూరం మన చేతిలో లేదు. అంగడిని మోసుకొని పోలేము గదా. పేరు, వర్గం, చిరునామా, పని వేళలు మాత్రం పూర్తిగా మన చేతిలోనివే. రివ్యూలు కొంతవరకు మన నడవడిని బట్టి వస్తాయి. సంస్థ చెప్పిన ఈ మూడింటిలో రాష్ట్ర సరిహద్దు అనే కొలత లేదని గమనించగలరు. హోసూరులోని వర్తకుడు కర్ణాటక వైపు ఉన్న కొనుగోలుదారునకు కనబడుటకు రాష్ట్రపు గీత తనంతట తాను అడ్డు రాదు. అడ్డు వచ్చేది చాలవరకు అసంపూర్ణమైన వివరములు, తప్పు గుర్తులు.

పేరు ఒకటి, పలుకుబడులు అనేకం

కన్నడ, తెలుగు లిపులు అక్కాచెల్లెళ్ల వంటివి. మన పిల్లలు ఒకటి నేర్చిన నెలలోనే రెండవదానిని కూడబలుక్కొని చదువుతారు. యూనికోడు పట్టికలో సైతం ఈ రెండింటికి పక్కపక్కన స్థానములు ఇచ్చినారు. అయినను కంప్యూటరు దృష్టిలో తెలుగు 'అ' వేరు, కన్నడ 'అ' వేరు. మనిషి కంటికి ఒకటిగా తోచునది యంత్రమునకు రెండుగా ఉంటుంది. తమిళ, ఒడియా, దేవనాగరి లిపుల సంగతి చెప్పనవసరం లేదు.

వస్తువుల అంగడినే తీసుకొనుడు. తెలుగులో కిరాణా కొట్టు, కన్నడంలో దినసి అంగడి, తమిళంలో మళిగై కడై, ఒడియాలో తేజరాతి దొకాన, మరాఠీలో కిరాణా దుకాన్. ఈ పేర్లన్నింటిని అంగడి పేరులో చేర్చుట సాధ్యం కాదు, చేర్చరాదు కూడా. దీనికి గూగుల్‌లోనే ఒక మార్గం ఉన్నది. అంగడిని నమోదు చేయునప్పుడు 'వర్గం' అని ఒక గడి ఉంటుంది. అందులో సంస్థ ముందుగా సిద్ధపరచిన జాబితా నుండి మన వ్యాపారానికి తగిన దానిని ఎంచుకొనవలెను. ఒకసారి ఎంచుకొన్న వర్గం చూచేవారి ఫోను భాషను బట్టి ఆయా భాషలలో కనబడుతుంది. కావున రెండు భాషల ఊరిలో అన్నింటికంటె ఎక్కువ ఆలోచించి నింపవలసిన గడి ఇదే. చాలామంది తొందరలో 'దుకాణం' అని మాత్రమే ఎంచుకొని ఊరకుంటారు. ట్రాక్టరు రిపేరు చేసే షెడ్డు 'దుకాణం' అనే వర్గంలో ఉన్నచో ట్రాక్టరు మెకానిక్కు కొరకు వెతికిన రైతుకు అది కనబడే అవకాశం తగ్గుతుంది. ప్రధాన వర్గం ఒకటి, దానికి తోడు మరి తొమ్మిది వరకు ఇచ్చుటకు వీలున్నది. తొమ్మిది నింపి తీరవలెనని నియమం ఏమీ లేదు. నిజముగా చేసే పనులు రెండైతే రెండే చాలును.

అంగడి పేరు పలకపై ఎట్లున్నదో అట్లే ఇవ్వవలెను. "శ్రీ వేంకటేశ్వర ఎలక్ట్రికల్స్" అని పలకపై ఉండగా, నమోదులో దానికి "ఉత్తమ మోటారు వైండింగు, తక్కువ ధర, హోసూరు" వంటి తోకలు తగిలించుట సంస్థ నియమములకు విరుద్ధం. అట్టి పేరుపై ఎవరైనను సవరణ సూచించవచ్చును. ఒక్కొక్కప్పుడు నమోదు మొత్తము నిలిపివేయబడుతుంది. తోకల వలన కొన్నాళ్లు లాభం కనబడినా, పండుగ బేరముల నాడు అంగడి పటంలో నుండి మాయమైనచో ఆ నష్టం ఎవరు తీర్చెదరు?

ఆంగ్ల అక్షరములలో పేరు వ్రాయుటలోనూ ఒక జాగ్రత్త అవసరం. మన దక్షిణాదిలో లక్ష్మి అని వ్రాయునప్పుడు 'కె, ఎస్, హెచ్' వాడుట ఎక్కువ. ఒడిశా, మహారాష్ట్రలలో 'ఎక్స్' వాడుదురు. ఏది వాడినను తప్పు లేదు. పలకపై ఒకటి, బిల్లు పుస్తకంలో మరొకటి, జస్ట్‌డయల్‌లో ఇంకొకటి, జీఎస్టీ పత్రంలో వేరొకటి ఉండుట మాత్రం మంచిది కాదు. అన్ని చోట్ల ఒకే అక్షరక్రమం, ఒకే ఫోను సంఖ్య ఉన్నప్పుడు ఇవన్నియు ఒక్క అంగడివేనని గుర్తించుట యంత్రమునకు, మనిషికి కూడ సులభమగును.

2021 జనవరిలో గూగుల్ సంస్థ ఆంగ్లంలో ఉన్న అంగళ్ల పేర్లను తెలుగు, కన్నడం, తమిళం, ఒడియా, మరాఠీ మొదలైన పది భారతీయ భాషల లిపులలోనికి యంత్రముతోనే మార్చి చూపుటను ప్రకటించినది. ఇది మేలైన పనే. అయితే ఆంగ్ల అక్షరములకు మన దీర్ఘములు, హ్రస్వములు తెలియవు. రమ, రామ రెండును ఆంగ్లమున ఒకటే. అందువలన రమ గారి టిఫిన్ సెంటరు తెలుగులో రామ టిఫిన్ సెంటరు కావచ్చును. ఫోను భాషను ఒకసారి తెలుగునకు, ఒకసారి కన్నడమునకు లేక తమిళమునకు మార్చి, మన అంగడి పేరు ఎట్లు పడినదో చూచుకొని, తప్పు ఉన్నచో 'సవరణ సూచించండి' అనే చోట సరియైన రూపం పంపవలెను.

ఊరి పేరు దగ్గర తికమక

ఊళ్ల పేర్లలో మన సరిహద్దు ప్రాంతమంత చిత్రం మరెక్కడా ఉండదేమో. మనం బరంపురం అంటాము, ప్రభుత్వ పత్రములలో బ్రహ్మపుర ఉంటుంది, ఆంగ్ల పలుకుబడి మరొకటి. మన పర్లాకిమిడి ఒడియాలో పారళాఖేముండి. మన జయపురం ఆంగ్లంలో రాజస్థాన్ రాజధానిని తలపిస్తుంది. కర్ణాటకలో 2014 నవంబరు 1 నుండి బళ్లారితో సహా పన్నెండు ఊళ్ల ఆంగ్ల అక్షరక్రమములు మారినవి. పాత బోర్డులపై, పాత విజిటింగు కార్డులపై ఇంకను మునుపటి అక్షరములే ఉన్నవి.

హోసూరు అనగా కన్నడమున కొత్త ఊరు. తమిళులు ఓసూర్ అందురు. మన కొత్తూరుల వలెనే కర్ణాటకలో హొసూరు పేరు గల గ్రామములు అనేకం. అందుచేత వట్టి ఊరి పేరుతో సరిపుచ్చక తాలూకా, జిల్లా, పిన్ కోడు తప్పక ఇవ్వవలెను. అంగడిని గురించి వ్రాసే పరిచయంలో మన వాడుకలోని ఊరి పేరును, పొరుగు భాషలోని పేరును సహజమైన వాక్యములలో ప్రస్తావించవచ్చును. ఈ పరిచయమునకు 750 అక్షరముల వరకు చోటున్నది. దాని వలననే వరుసలో ముందుకు పోతామని ఆశపడవద్దు. చదివిన మనిషికి "ఇది మన ఊరి అంగడే" అని నమ్మకం కలుగుట దాని ప్రయోజనం.

యానాము వర్తకులకు ప్రత్యేకముగా ఒక మాట. యానాము పిన్ కోడు 533464. మొదటి మూడు అంకెలు గోదావరి జిల్లాలవే. చుట్టును ఆంధ్రప్రదేశ్ ఉండుట చేత నమోదు చేయునప్పుడు రాష్ట్రం గడిలో ఆంధ్రప్రదేశ్ అని ఎంచుట జరుగుచుండును. యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిది కనుక పుదుచ్చేరి అనియే ఎంచవలెను. జీఎస్టీ సంఖ్య ఉన్నవారు దాని మొదటి రెండంకెలను చూచుకొనవచ్చును. పుదుచ్చేరికి 34, ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36, కర్ణాటకకు 29, తమిళనాడుకు 33, ఒడిశాకు 21, మహారాష్ట్రకు 27. పత్రంలోని రాష్ట్రం, పటంలోని రాష్ట్రం ఒకటిగా ఉండవలెను.

ఇక పటంపై పెట్టే గుర్తు. ఇంటి సంఖ్యలు లేని పల్లెలలో చిరునామా కంటె ఇదే ముఖ్యం. సిరొంచ వంటి నదీతీరపు ఊరిలో గుర్తు ఆవలి ఒడ్డున పడినదంటే వచ్చేవాడు వంతెన దాటి వేరొక రాష్ట్రంలో తిరుగుచుండును. కావున మధ్యాహ్నపు వెలుగులో అంగడి గుమ్మం ముందు నిలుచుండి, ఉపగ్రహ చిత్రమును తెరచి, గుర్తును వేలితో జరిపి తలుపు వద్దనే ఉంచవలెను. గుర్తు ఉన్న చోటుకు ప్లస్ కోడు అనే చిన్న సంకేతం ఉచితముగా లభిస్తుంది. వీధి పేరు లేని చోట దానిని వాట్సాప్‌లో పంపిన చాలును.

నమోదు, ధ్రువీకరణ

ఈ ఏర్పాటు పేరు పలుమార్లు మారినది. 2005లో లోకల్ బిజినెస్ సెంటర్ అనియు, 2010లో గూగుల్ ప్లేసెస్ అనియు, 2014లో గూగుల్ మై బిజినెస్ అనియు పిలిచినారు. 2021 నవంబరు నుండి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్. మై బిజినెస్ యాప్ దించుకొమ్మని చెప్పే పాత సలహాలు ఇక పనికిరావు, 2022లో ఆ యాప్‌ను తొలగించినారు. ఇప్పుడు సొంత ఖాతాతో గూగుల్‌లో గాని మ్యాప్స్‌లో గాని అంగడి పేరు వెతికి అక్కడనే మార్పులు చేసుకొనవచ్చును. ఇదంతయు ఉచితం. ఈ సేవలో భాగముగా ఇచ్చిన ఉచిత వెబ్‌సైట్లను కూడ 2024 మార్చిలో మూసివేసినారు. విజిటింగు కార్డుపై 'బిజినెస్ డాట్ సైట్' అని ముగిసే చిరునామా అచ్చు వేయించినవారు దానిని మార్చుకొనవలెను.

అంగడి మనదేనని రుజువు చేయుటకు ఫోను ద్వారా, ఉత్తరం ద్వారా, లేక వీడియో ద్వారా ధ్రువీకరణ అడుగుదురు. ఏ పద్ధతి అన్నది మన ఎంపిక కాదు, వారే నిర్ణయింతురు. వీడియో అడిగినచో మధ్యలో ఆపక ఒకే బిగిన తీయవలెను. అందులో వీధి పరిసరములు, పేరు పలక, ఆ పిమ్మట మనమే యజమానులమని తెలుపు పని, అనగా షట్టరు తాళం తీయుటయో, గల్లా పెట్టె తెరచుటయో కనబడవలెను. ఆధారు కార్డు, బ్యాంకు పుస్తకం వంటివి చూపనక్కరలేదు, చూపరాదు.

కర్ణాటకలో 2024 నాటి సవరణ చట్టం ప్రకారం వాణిజ్య సంస్థల పలకలపై అరవై శాతం కన్నడం, అదియు పై భాగమున ఉండవలెను. మహారాష్ట్రలో 2022 నుండి చిన్న అంగళ్లకు కూడ దేవనాగరి లిపిలో మరాఠీ పలక తప్పనిసరి. ఈ నియమమును కొందరు భారముగా తలచుదురు. పలకపై స్థానిక భాష, దాని కింద తెలుగు, ఆంగ్లం ఉన్నచో రెండు వైపుల వారికిని దారి తెలియును. ఆ పలక స్పష్టముగా కనబడు ఛాయాచిత్రమును ప్రొఫైల్‌లో పెట్టినచో వెతుక్కొంటూ వచ్చినవారు గుర్తు పట్టుదురు.

ఇంటి వద్ద కుట్టుపని చేసే స్త్రీలు, ఇళ్లకు వెళ్లి పని చేసే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు ఇంటి చిరునామాను అందరికి చూపనవసరం లేదు. దానిని దాచి, తాము సేవ చేయు ఊళ్ల పేర్లను ఇరవై వరకు ఇవ్వవచ్చును. సరిహద్దుకు రెండు వైపులనున్న గ్రామములు అందులో ఉండవచ్చును. సుమారు రెండు గంటల ప్రయాణమునకు లోబడి ఉండవలెనని మాత్రం నియమం. ఈ సౌకర్యం సంగతి తెలియక, ఇంటి చిరునామా బయటపడునని జంకి నమోదు చేయని ఇల్లాండ్రు ఎందరో ఉన్నారు.

ఖాతా ఎవరి పేరిట ఉండవలెనన్నది చిన్న విషయముగా తోచును గాని కాదు. ఊరిలోని సెల్‌ఫోను కొట్టు కుర్రవాడు సాయం చేయుదునని తన ఖాతాతో నమోదు చేయుట, రెండేళ్లకు అతడు బెంగళూరికో హైదరాబాదుకో వెళ్లిపోవుట సామాన్యం. అప్పుడు ఫోను సంఖ్య మార్చవలెనన్నను యజమాని చేతిలో ఉండదు. యాజమాన్యం కోరుచు అభ్యర్థన పంపే మార్గమున్నది గాని అది కాలహరణం. మొదటనే అంగడి యజమాని ఖాతాతో నమోదు చేసి, సాయపడేవారిని నిర్వాహకులుగా చేర్చుట తెలివి.

పండుగ వేళలు కూడ చూడదగినవి. ఉగాది మన అంగడికి సెలవు కావచ్చును. తమిళ వైపు పొంగలి మూడు నాళ్లు, కర్ణాటకలో నవంబరు 1 రాజ్యోత్సవం, వారంలో ఒకనాడు సంత. ప్రత్యేక వేళలు అనే చోట ఆ తేదీలను ముందే నింపవలెను. తెరచి ఉన్నదని చూచి పది మైళ్లు వచ్చి మూసిన తలుపు చూచినవాడు వ్రాసే రివ్యూ ఎట్లుండునో ఊహించుకొనవచ్చును.

రివ్యూలు

అడుగుట తప్పు కాదు. ప్రొఫైల్ నుండియే ఒక లంకెను, క్యూఆర్ గుర్తును ఉచితముగా పొందవచ్చును. దానిని అచ్చు వేసి గల్లా వద్ద అతికించి, పని బాగున్నదన్న వారిని ఒక మాట వ్రాయుమని కోరవచ్చును. రివ్యూ వ్రాసినచో కిలో చక్కెర ఉచితం, నూరు రూపాయల తగ్గింపు అనుట మాత్రం నిషిద్ధం. యజమాని తన అంగడికి తానే వ్రాసికొనుట, పోటీ అంగడిని తిట్టి వ్రాయుట కూడ అంతే.

ఏ భాషలో వ్రాయుమని అడుగవలెను? వారికి వచ్చిన భాషలోనే. తెలుగులో వ్రాసినవారికి తెలుగులో, కన్నడంలో వ్రాసినవారికి కన్నడంలో జవాబు ఇచ్చుట మర్యాద. "బాగుంది" అన్న ఒక్క మాట కంటె "మూడు అశ్వశక్తుల మోటారు ఒక్క రోజులో కట్టి ఇచ్చినారు" అన్న వాక్యం వెతికేవారికి ఎక్కువ ఉపయోగం. చెడ్డ రివ్యూ వచ్చినప్పుడు వాదమునకు దిగరాదు. జరిగినది రెండు వాక్యములలో చెప్పి, ఫోను చేయుమని కోరిన చాలును. ఆ జవాబును చదివేది ఆ ఒక్కరే కాదు, రేపు రాబోయే నూరుగురు.

మొదటి స్థానం అమ్మువారు

"గూగుల్ నుండి మాట్లాడుచున్నాము, మీ అంగడి పేరు తొలగిపోనున్నది, డబ్బు కట్టండి" అనియు, "నెలకు ఇంత ఇచ్చినచో మొదటి స్థానం ఖాయం" అనియు ఫోనులు వచ్చుచుండును. పటంలోని స్థానిక వరుసలో ముందు స్థానమును డబ్బుకు అమ్మమని గూగుల్ సంస్థ స్పష్టముగా చెప్పినది. డబ్బు కట్టి ఇచ్చే ప్రకటన వేరు. అది ప్రాయోజితం అనే గుర్తుతో విడిగా కనబడును. ఫోనుకు వచ్చిన ఓటీపీని ఎవరికిని చెప్పరాదు, చెప్పినచో అంగడి ఖాతాయే పరుల పాలగును. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930 అనే జాతీయ సైబరు నేరముల సహాయ సంఖ్యకు ఫోను చేయవలెను. అది అన్ని రాష్ట్రములకు ఒకటే.

నా అభిప్రాయమున అందరికి ఈ శ్రమ సమానముగా ఫలించదు. ఊరి మధ్యనున్న కిరాణా కొట్టుకు రోజూ వచ్చేవారే వత్తురు, పటం చూచి వచ్చేవారు తక్కువ. రహదారిపైనున్న టిఫిన్ హోటలు, పంక్చరు షాపు, వైండింగు షాపు, ట్రాక్టరు విడిభాగముల అంగడి, ల్యాబు, కల్యాణ మండపం, లాడ్జి వంటి వాటికి ఎక్కువ ప్రయోజనం. ముళబాగిలు మీదుగా తిరుపతికి పోయే యాత్రికుడు మన ఊరి పెద్దలను ఎరుగడు, ఫోను తెరనే ఎరుగును.

ఫలితం చూచుకొనునప్పుడు ఒక సంగతి మరువరాదు. అంగడిలో కూర్చుండి వెతికినచో మన అంగడి పైననే కనబడవచ్చును, దూరం సున్నా గదా. పొరుగు ఊరిలోని అక్కగారింటి నుండి, సరిహద్దు ఆవలనున్న వియ్యంకుల ఊరి నుండి, వారి ఫోనులో వారి భాషలో వెతికి చూడుమని చెప్పవలెను. అంగడి పేరుతో వెతుకరాదు, "మోటారు వైండింగు", "పంక్చరు" వంటి పని పేరుతో వెతుకవలెను. వారు తెర చిత్రము తీసి పంపినచో అసలు స్థానం తెలియును. వివరములు సరిదిద్దిన మరునాడే మార్పు కనబడదు. నెలకొకసారి అదే మాటతో, అదే ఊరి నుండి వెతికించి, తేదీ వేసి ఒక పుస్తకమున వ్రాసికొన్నచో ఏ మార్పు ఫలించినదో కొంతవరకు పోల్చుకొనవచ్చును.